చెత్త బండి వెనక రక్తం బండి

పెళ్లయిన కొత్తలో మనిషికి తెలివి కాస్త తగ్గుతుందని మా అత్తగారు అంటారు. నా విషయంలో ఆవిడ మాట అబద్ధం కాలేదు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉంటే రోజూ పొద్దున్నే చూసి నవ్వుకునేదాన్ని. మా ఆయన తెల్లకోటు ఇస్త్రీ చేస్తుంటే జేబులోంచి దూది ఉండ ఒకటి రాలిపడేది. దాన్ని చూసీ నవ్వే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టుండేది నా వరస.

ఆయన ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్. నేను మునిసిపాలిటీలో, పారిశుధ్య విభాగంలో గుమాస్తాని. ఏ చెత్త బండి ఏ వీధికి ఎప్పుడు వెళ్లాలో చూసేది నేనే. మా సంబంధం కుదిరినప్పుడు స్నేహితురాళ్లు, "ఒకళ్లది చెత్త, ఒకళ్లది నెత్తురు. కూర్చుని ఏం మాట్లాడుకుంటారే మీరు?" అని ఏడిపించారు. వాళ్లకేం తెలుసు? అన్నాల దగ్గర మేం మాట్లాడుకునేవి ఆ రెండే. అంత ఆనందంగా చెత్త గురించి వినే మగవాడు ఇంకొకడు దొరకడు.

ఆ వేసవిలో వదిన మా ఇంట్లోనే ఉంది. వదిన అంటే మా ఆయన అక్క. నెలలు నిండాయి. వాళ్లాయనది ఓడలో ఉద్యోగం, అప్పటికి ఏదో సముద్రం మధ్యలో ఉన్నాడు. ఒక శనివారం స్కానింగ్ చూసి డాక్టరమ్మ ముఖం మార్చింది. మాయ కిందికి దిగి గర్భసంచి నోటికి అడ్డంగా ఉందట.

"శుక్రవారం ఆపరేషన్ చేసేద్దాం," అంది డాక్టరమ్మ. "కాని రక్తం బాగా పోయే ప్రమాదం ఉంది. ఈవిడది బి నెగటివ్. రెండు బ్యాగులు ఫ్రిజ్‌లో నా కళ్లకి కనబడితేనే ఇక్కడ కత్తి పట్టుకుంటాను. లేదంటే గురువారం సాయంత్రానికల్లా పెద్దాసుపత్రికి బయల్దేరండి."

పెద్దాసుపత్రి అంటే సగం రోజు ప్రయాణం. ఆ రోడ్డు పొడుగునా పైపుల కోసం తవ్వి వదిలేశారు. మామూలు మనిషికే నడుం విరిగే దారి అది. వదిన కుదుపు తగలకుండా మంచం మీదే ఉండాలని ఆ డాక్టరమ్మే ఆ రోజు గట్టిగా చెప్పింది.

"ఇందులో భయపడేదేముంది?" అంది వదిన ఇంటికొచ్చాక. "మా తమ్ముడు రక్తం కొట్లోనే కదా పనిచేసేది. రెండు ప్యాకెట్లు పట్టుకు రాలేడా?"

మా ఆయన నవ్వలేదు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి చూపించాడు. అరలన్నిటికీ అడుగు కనిపిస్తోంది. మామూలు గ్రూపులవే ఏవో నాలుగు బ్యాగులు ఒక మూల చలికి ముడుచుకున్నట్టు పడి ఉన్నాయి. బి నెగటివ్ అని రాసిన ట్రేలో ఏమీ లేదు.

"పొరుగూరి బ్లడ్ బ్యాంకులో రెండు బి నెగటివ్‌లు ఉన్నాయి," అన్నాడు. "కాని ఇవ్వరు."

"అదేంటండీ! మనిషి ప్రాణం కదా?"

"అక్కడ ఉన్నవాళ్లూ మనుషులే కదే. వాళ్లకి ఓ పాజిటివ్ లేక ఆపరేషన్లు ఆగిపోయాయి. మనం ఓ పాజిటివ్ ఇస్తే వాళ్లు బి నెగటివ్ ఇస్తారు. మన దగ్గరేముంది? ఖాళీ చేతులతో వెళ్లి అడిగితే ఏమిస్తారు?"

"చలికాలంలో ఊరంతా ఇచ్చారుగా! మా కమిషనర్ గారి శిబిరంలో!"

ఆయన తలుపు మూశాడు. "అందులో సగం పారబోశాం," అన్నాడు మెల్లగా. 



సోమవారం పొద్దున్నే కమిషనర్ గారి గదిలో నిలబడ్డాను. ఆయన కుర్చీ వెనక గోడ మీద పోయిన శిబిరం ఫోటో ఉంది. కత్తెర పట్టుకుని రిబ్బన్ కోస్తున్నారు. అంత పెద్ద నవ్వు ఆయన ముఖం మీద నేను ఆ ఫోటోలో తప్ప ఎక్కడా చూడలేదు.

"సార్, ఆ రోజు వచ్చిన రక్తంలో సగం పాడైపోయిందట," అన్నాను. 

ఆయన పెన్ను ఆగింది. "ఎవరన్నారు?"

"మా ఆయన సార్. బ్లడ్ బ్యాంకులో పనిచేస్తారు. రక్తం నిలవుండేది నెల, ఆపైన కొన్ని రోజులు. ఒక్క పూటలో ఊరందరి దగ్గరా తీసుకున్నాం. అన్ని ఆపరేషన్లు ఆ నెలలోనే రావు కదా సార్. ఇచ్చినవాళ్లు మళ్లీ మూడు నెలలదాకా ఇవ్వకూడదు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఎండాకాలం వచ్చింది, కాలేజీలకి సెలవులిచ్చారు, ఫ్రిజ్ ఖాళీ అయింది. ఒక్కసారే కుండపోత, మిగతా ఏడాదంతా కరువు."

ఆయన వెనక్కి తిరిగి ఫోటో వంక చూశారు. పాపమనిపించింది.

"మీ ఇంట్లో ఎవరికైనా అవసరమొచ్చిందా?" అన్నారు ఇటు తిరిగి.

"వచ్చింది సార్. మా వదినకి. శుక్రవారం లోపల కావాలి."

"అయితే ఇంటి కోసం అడుగుతున్నారా, ఊరి కోసం అడుగుతున్నారా?"

"రెండూ సార్." అబద్ధమాడడం నాకు చేతకాదు. ఆడినా ముఖం మీద తెలిసిపోతుంది.

"ఊఁ. ఏం చేయమంటారు?"

"రోజుకో వీధి సార్. కొద్దికొద్దిగా."

"రోజుకో వీధిలో టెంటు, స్టేజి, మైకు ఎక్కణ్ణుంచి తెమ్మంటారమ్మా?"

"ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో రక్తం తీసే వ్యాను ఉంది సార్. లోపల రెండు పడకలు, ఏసీ, అన్నీ ఉన్నాయి. డ్రైవరు లేడు, డీజిలు లేదు, అంతే. ఆ రెండూ మనమిద్దాం. మైకు మన దగ్గరే ఉంది. రోజూ ప్రతి వీధికీ వెళ్తూనే ఉంది."

"ఏ మైకు?"

"చెత్త బండి సార్."

ఆయన కళ్లజోడు తీశారు. నా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే అనుకున్నాను.

"రక్తదానానికి చెత్త బండితో చాటింపా?"

"సార్, మన ఊళ్లో ఏ మైకు మోగినా జనం తలుపులు వేసుకుంటారు. చెత్త బండి మైకు ఒక్కటి మోగితేనే తీసి బయటికొస్తారు."

ఆయన కళ్లజోడు తుడిచి, పెట్టుకుని, మళ్లీ తుడిచారు. "ఈ వారం చూడండి," అన్నారు చివరికి. "డ్రైవరునిస్తాను. రక్తమిచ్చిన మన సిబ్బందికి ఆ రోజు జీతంతో సెలవు. కాని ఒకటి. చెత్త సేకరణ రవ్వంత తగ్గిందని తెలిసినా మధ్యాహ్నానికల్లా ఆపేస్తాను."

మెట్లు ఎలా దిగానో తెలీదు. సగం మెట్ల దగ్గర నేను ఎగురుతుంటే పై అధికారి ఒకాయన చూసి, "పడతావమ్మా!" అని అరిచింది మాత్రం గుర్తుంది.

*

మా పెద్ద బండి నడిపేది సైరన్ అక్క. అది ఆవిడ అసలు పేరు కాదు. బండి మైకు పాడైన రోజున ఆవిడ గొంతుతోనే మూడు వీధులు లేచి బకెట్లు పట్టుకు రావడంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

"నా పాట తీసేసి మీ ప్రకటన పెడతానంటే ఊరుకోను," అంది ముందే. "ఆ పాట వినబడకపోతే ఒక్కడూ గుమ్మం దాటడు."

"పాట ఉంటుంది అక్కా. పాట అయ్యాక నా మాటలు నాలుగు."

"నాలుగేనా?"

"నాలుగే."

"పెళ్లైనవాళ్ల నాలుగు మాటలు ఎన్నవుతాయో నాకు తెలీదా? సరే, రేపు పొద్దున్న తెచ్చి ఇవ్వు."

ఆ సాయంత్రం మా గదిలో రికార్డు చేశాం. గది ప్రతిధ్వనిస్తోందని మా ఆయన దుప్పటి తెచ్చి ఇద్దరి మీదా కప్పాడు. ఆ ఎండాకాలంలో దుప్పటి కింద ఫోను వెలుగులో ఆయన ముక్కు మీద చెమట బొట్టు ఒకటి వేలాడుతూ ఉంది. "అన్నలారా, అక్కలారా," అనేసరికి అది జారి ఫోను మీద పడింది. నాకు నవ్వు ఆగలేదు. మళ్లీ మొదలుపెట్టాను. ఆయన గంభీరంగా ముఖం పెట్టాడు. ఆ ముఖం చూసి మళ్లీ నవ్వు. ఎన్నిసార్లు చేశామో లెక్కలేదు. చివరికి ఒకటి చక్కగా వచ్చింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, మంగళవారం తెల్లవారగానే అక్క చేతిలో పెట్టాను.

మొదటి వీధి మాదే పెట్టుకున్నాను. మంచి పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి కదా అనుకున్నాను. ఎంత తెలివో!

పొద్దున్నే చెత్త బండి మలుపు తిరిగింది. దాని వెనక తెల్లటి వ్యాను. ముందురోజంతా కడిగి తుడిచారేమో, ఎండకి మెరిసిపోతోంది. వ్యాను తలుపు దగ్గర మా ఆయన, ఇస్త్రీ కోటులో. నాకు ఒళ్లు పులకరించింది. పాట అయిపోయింది. నా గొంతు వీధంతా మోగింది.

"అన్నలారా, అక్కలారా! చెత్త బండి వెనకే రక్తం బండి వచ్చింది. కడుపునిండా తిని, నీళ్లు తాగి రండి. మీ రక్తం ఒక ప్రాణం నిలబెడుతుంది..."

బాగుంది అనుకున్నాను. ఆ వెంటనే కిసుక్కుమని నవ్వు. తర్వాత, అదే మైకులో, అదే గట్టితనంతో, మా ఆయన గొంతు.

"నవ్వకే! ఇంకోసారి నవ్వావంటే ముద్దు పెట్టేస్తాను, చెబుతున్నా!"

దానికి నా గొంతు, గారాలు పోతూ, "పెట్టండి చూద్దాం!"

ఆ తర్వాత పాట మళ్లీ మొదలైంది.

నేను చక్కగా వచ్చినది కాకుండా దాని ముందుది వేసేశాను. చెత్త బుట్టలతో బయటికొచ్చినవాళ్లు బుట్టలు పట్టుకునే నిలబడిపోయారు. మా అత్తగారు బాల్కనీలో బకెట్టుతో ఉన్నారు. ఆవిడ ఆ బకెట్టుని అలాగే తల ముందు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. కిటికీలోంచి వదిన గొంతు. "అయ్యో, నవ్వకూడదు, డాక్టరు వద్దంది! అమ్మా, ఎవరైనా నా నోరు మూయండే!"

నేను పరిగెత్తుకెళ్లి బండి తలుపు కొట్టాను. "అక్కా! ఆపక్కా! తప్పుది వేశాను! ఆపు!"

సైరన్ అక్క అద్దం దించి, నన్ను చూసి, వీధిని చూసింది. "ఒకసారి వెనక్కి తిరుగు చెల్లెమ్మా," అంది.

తిరిగాను. ఎప్పుడూ తలుపు సందులోంచి బుట్ట బయటికి తోసి చెయ్యి లాగేసుకునే వాళ్లు కూడా రోడ్డు మీదికి వచ్చేశారు. లుంగీలు, నైటీలు, పళ్లు తోముకుంటున్న బ్రష్షులు. అందరూ వ్యాను వైపే చూస్తున్నారు. మా ఆయన కోటు రంగు అలాగే ఉంది కాని ముఖం మాత్రం లోపల బ్యాగుల్లో పట్టే రంగుకి వచ్చేసింది.

"ఏమయ్యా ముద్దు డాక్టరూ!" అన్నాడు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పక్కింటి బాబాయి. "సూది గుచ్చితే ఏడ్చేవాళ్లకి ఏం పెడతావు?"

"బిస్కెట్లు పెడతాను బాబాయిగారూ," అన్నాడు మా ఆయన నేల చూస్తూ. "పళ్లరసం కూడా."

"అయితే మా అబ్బాయిలిద్దర్నీ పంపిస్తాను. నాకు వయసు దాటిపోయింది కాని, లేకపోతే నేనూ ఏడ్చేవాణ్ణి."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుతోనే ఇద్దరు ముందుకి కదిలారు, వాళ్ల వెనక మరో నలుగురు. చెత్త బుట్టలు చెత్త బండిలో ఖాళీ చేసి, అవే ఖాళీ బుట్టలు వ్యాను పక్కన వరసగా పెట్టి, తమ వంతు వచ్చేదాకా కబుర్లలో పడ్డారు. ఎదురింటావిడ వేలు పొడిచి చూస్తే రక్తం బలం చాల్లేదు. ఆవిడ వెనక్కి వెళ్తూ వాళ్లాయన్ని లాక్కొచ్చి అప్పజెప్పింది. "ఈయనకి బలం ఎక్కువ, రోజూ నా మీద అరుస్తారు. రెండు బ్యాగులు తీసుకోండి!"

నేను కూడా ఎక్కాను. మా ఆయన నా జబ్బకి పట్టీ బిగించి, నరం కోసం వేలితో మెల్లగా తడిమాడు. బయట అంత గోల జరుగుతుంటే ఆ వ్యాను లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. "నొప్పి పెడితే చెప్పు," అన్నాడు. నొప్పి పెట్టింది. చెప్పలేదు. పైపులోంచి నా రక్తం ముదురు ఎరుపులో జారుతుంటే, నా లోపల ఇంత మంచి రంగు ఉందా అని ఆశ్చర్యంగా చూస్తూ పడుకున్నాను. 

*

మధ్యాహ్నం కమిషనర్ గారు పిలిపించారు. చెత్త బండి నుంచి ముద్దుల చాటింపు వేసిన గుమాస్తాని ఏ నిబంధన కింద పంపించేస్తారో అని ఆలోచిస్తూ వెళ్లాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "మీ వీధిలో చెత్త ఎప్పుడూ సగం ఇళ్ల నుంచే వస్తుంది," అన్నారు. "ఇవాళ ప్రతి ఇంటి నుంచీ వచ్చిందని రిపోర్టు."

"అవును సార్."

"ఆ ప్రకటనలో ఏదో... అదనంగా ఉందని ఎవరో అన్నారు."

"తీసేస్తాను సార్! ఇప్పుడే..."

"నేనింకా వినలేదు," అన్నారాయన. "వింటే తీసేయమని చెప్పాల్సి వస్తుంది. అందుకని వినను. వెళ్లండి."

ఆయన భుజాలు కదులుతున్నాయి. వెనక నుంచి నవ్వో దగ్గో చెప్పలేను. తలుపు మూశాక మాత్రం నవ్వే వినిపించింది.

బుధవారం రెండో వీధికి వెళ్లేసరికి జనం మా కోసం కాచుకుని ఉన్నారు. చుట్టాల నుంచి ఫోన్లు వెళ్లిపోయాయి కాబోలు. ప్రకటన మొదలవగానే పిల్లలంతా మా ఆయన మాట కలిసి అరిచారు, ఆడవాళ్లంతా నా మాట అరిచారు. మా ఆయన వ్యానులోంచి దిగడం మానేశాడు.

ఫ్రిజ్ నిండుతోంది. ఓ పాజిటివ్ పై అర నిండింది. ఏ పాజిటివ్, బి పాజిటివ్ కూడా బాగానే ఉన్నాయి. బి నెగటివ్ మాత్రం ఒక్కటీ లేదు. ప్రతి ఒక్కరికీ గ్రూపు చూస్తున్నప్పుడు నేను పక్కన నిలబడి ఊపిరి బిగబట్టేదాన్ని. మా ఆయన ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. 

మధ్యాహ్నం బ్లడ్ బ్యాంకు డాక్టరు పొరుగూరికి ఫోను చేశారు. ఈసారి మా దగ్గర బదులివ్వడానికి సరుకుందని గొంతు పెద్దది చేసి మరీ మాట్లాడారు. వింటూ వింటూ ఆయన గొంతు చిన్నదైంది. ఫోను పెట్టేసి, "ఒకటే ఉందట," అన్నారు. "రెండోది రాత్రి ఎవరికో ఎక్కించేశారు. ఆ ఒక్కటీ ఇస్తారు."

డాక్టరమ్మ రెండు అంది. ఒకటి కాదు.

వ్యాను దగ్గరికి తిరిగొచ్చేసరికి అక్కడ ఒక టైలరు మెడలో టేపుతో, చేతిలో గుడ్డ పీలికల సంచితో నిలబడి సైరన్ అక్కతో తగాదా పడుతున్నాడు.

"పని చేసుకోనిస్తారా లేదా? ఆ పిల్ల నవ్వు వినబడినప్పుడల్లా నా మిషను వంకరగా పోతోంది. పొద్దుటి నుంచి రెండు చొక్కాలు పాడయ్యాయి!"

"నీ కుట్టు ఎప్పుడు తిన్నగా ఉంది గనక అన్నా?" అంది అక్క. "వచ్చావు కదా, ఎక్కు. పడుకుంటే కోపం తగ్గుతుంది."

"నాకేం భయమా?" అంటూ ఎక్కాడు. తిడుతూనే తూకం చూపించుకున్నాడు, తిడుతూనే వేలు చాపాడు. మా ఆయన గాజు పలక మీద అతని రక్తపు చుక్కల్లో గ్రూపు తేల్చే మందు కలిపాడు. వంగి చూశాడు. మళ్లీ చూశాడు. ఇంకో పలక తీసి మళ్లీ మొదటి నుంచి చేశాడు. 

"ఏమిటయ్యా అలా చూస్తావు?" అన్నాడు టైలరు, గొంతు కాస్త తగ్గించి. "బాలేదా నాది?"

మా ఆయన నా వైపు తిరిగాడు. తల నిలువుగా ఊపాడు.

నేను కేక పెట్టాను. బయట జనమంతా ఉలిక్కిపడ్డారు. "అన్నయ్యగారూ! మీది బంగారం! బంగారం!" అని అతని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. వదిన సంగతి మొత్తం ఏ వరసలో చెప్పానో నాకే తెలీదు, ఓడా సముద్రమూ కూడా కలిపేశాను.

టైలరు అంతా విని, మెడలో టేపు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ముందే చెప్పొద్దూ," అన్నాడు పడుకుంటూ. "ఊరికే తిట్టించుకున్నారు."

*

గురువారం పొరుగూరికి వెళ్లి రక్తం మార్చుకు రావాలి. ఆసుపత్రికి ఉన్న ఒక్క అంబులెన్సు అప్పటికే ఎక్కడికో వెళ్లింది. కమిషనర్ గారికి ఫోను చేస్తే ఆయన మరేమీ అడగలేదు. తన కారు పంపించి, తను మోటార్ సైకిలు వెనక కూర్చుని ఆఫీసుకి వెళ్లారు. అక్కడి కమిషనరుకి తనే ఫోను చేసి మా వీధుల పద్ధతంతా చెప్పారట. మీ ఊళ్లోనూ చెత్త బండ్లున్నాయిగా అన్నారట. మాకేమో, వచ్చే వారం కూడా తిప్పండి అన్నారు.

కారు వెనక సీటులో మా ఆయన, నేను, మా ఇద్దరి మధ్యా ఐసు పెట్టె. అందులో ఓ పాజిటివ్ బ్యాగులు. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి ఊరు దాటడం అదే మొదటిసారి. కిటికీలోంచి గాలి కొడుతుంటే ఆయన ఒక చెయ్యి పెట్టె మీద, ఇంకో చెయ్యి నా చెయ్యి మీద పెట్టి కూర్చున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా పెట్టెనే గట్టిగా పట్టుకున్నాడు. నేనేమీ అలగలేదు. అలగాలని కూడా అనిపించలేదు.

అక్కడ వాళ్ల టెక్నీషియన్ మా పెట్టె తెరిచి చూసి, "హమ్మయ్య," అని కుర్చీలో కూలబడింది. ఆగిన ఆపరేషన్లు రేపటి నుంచి చేసుకోవచ్చట. లేచి, ఫ్రిజ్‌లోంచి ఒకే ఒక్క బ్యాగు తీసి, రెండు చేతులతో పసిపిల్లని అందించినట్టు మా ఆయనకి అందించింది. 

సాయంత్రానికి టైలరు గారి రక్తం పరీక్షలు కూడా అయిపోయాయి. డాక్టరమ్మ స్వయంగా వచ్చి ఫ్రిజ్ తలుపు తీయించి, రెండు బ్యాగుల్నీ చూసింది. "సరే. రేపు పొద్దున్న," అంది. మా అత్తగారు మంగళవారం నుంచి నాతో మాట్లాడడం లేదు. ఆ మాట విన్నాక నా నెత్తిన చెయ్యి వేసి, "పిచ్చిమొహమా," అన్నారు. అంతకంటే మంచి మాట ఆవిడ నోట నేనింతవరకూ వినలేదు.

శుక్రవారం వదినని లోపలికి తీసుకెళ్తుంటే, "మరదలా, మీ ఆయన గొంతు తలుచుకుని నవ్వొస్తోందే, కుట్లు ఊడిపోతే నీదే పూచీ," అంది. "ముందు కుట్లు పడనివ్వు వదినా," అన్నాను. తలుపు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది.

కాసేపటికి నర్సు తలుపు తోసుకుని వచ్చింది. "మొదటి బ్యాగు!" మా ఆయన అప్పటికే చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. ఇచ్చాడు. అత్తగారు నా వేళ్లని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే ఉంగరం లోపలికి దిగిపోయింది. ఇంతలో లోపలి నుంచి సన్నగా ఏడుపు. పసిగుడ్డు ఏడుపు! లేచి నిలబడ్డాం. అంతలోనే నర్సు మళ్లీ వచ్చింది, ఈసారి పరుగున. "రెండోది! త్వరగా!"

మా ఆయన పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తెచ్చి ఇచ్చి, తలుపు మూసుకుంటుంటే అక్కడే నిలబడిపోయాడు. మూడోది లేదు. ఆయనకి తెలుసు, నాకు తెలుసు. అత్తగారికి చెప్పలేదు.

చాలాసేపటి తర్వాత డాక్టరమ్మ మాస్కు దించుకుంటూ వచ్చింది. "ఆగింది," అంది. "తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ రెండోది దొరక్క పెద్దాసుపత్రికి పంపించి ఉంటే, దారిలో..." అని, మా అత్తగారి ముఖం చూసి ఆపేసింది. "ఆడపిల్ల. గొంతు పెద్దది."

అత్తగారు అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చారు. మా ఆయన గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన కోటు చేతికి ఏదో బ్యాగు మీది స్టిక్కరు అంటుకుని ఉంది. "సోమవారం ఏ వీధి?" అన్నాడు. "కూరగాయల మార్కెట్టు వెనకది," అన్నాను. "అక్కడ జనం..." అని ఏదో చెప్పబోయి, మాట మధ్యలోనే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. వారం రోజుల నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడినట్టుంది.

తలుపు తెరుచుకుంది. నర్సు తెల్లటి గుడ్డలో చుట్టిన మూటని ఎత్తుకుని వచ్చింది. మూటలోంచి ఎర్రటి పిడికిలి ఒకటి బయటికి పొడుచుకొచ్చి గాలిని కొడుతోంది.

"మేనమామ ఎవరు?" అంది నర్సు.

లేపనా వద్దా అని ఒక్క క్షణం చూశాను. పాపం, ఎంత అలిసిపోయాడో. కాని ఇలాంటిది నిద్రలో పోనిస్తారా ఎవరైనా? చెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపేశాను.

"లేవండీ! లేవండి! చూడండి, మిమ్మల్నే అడుగుతున్నారు!"